మోచేయి దగ్గర ముంజేయి ఎముక విరిగితే: కట్టు చాలా, ఆపరేషన్ కావాలా?

రిపోర్టులో "రేడియల్ హెడ్ ఫ్రాక్చర్, మేసన్ టైప్ 2" అని రాసి ఉంటుంది. అంటే ముంజేతిలోని రేడియస్ ఎముక పై కొస (తల) విరిగింది, విరిగిన తీరు మేసన్ విభజనలో రెండో రకం అని. దాన్ని పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్తే ఒకరు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) వేసుకుని చెయ్యి కదపమంటారు, ఇంకొకరు ఆపరేషన్ చేసి స్క్రూలు వేద్దామంటారు. ఇంట్లో టెన్షన్ అక్కడ మొదలవుతుంది. నిజానికి ఇద్దరూ సరిగ్గానే చెబుతూ ఉండొచ్చు. టైపు నంబరు ఒక్కదాన్నే చూసి చికిత్స తేల్చలేం. కీలు నిలకడగా ఉందా, అరచెయ్యి అటూ ఇటూ తిరుగుతోందా, ఎన్నాళ్ళలో చేతిని కదిలించడం మొదలుపెట్టగలం, వీటిని బట్టే అసలు నిర్ణయం ఉంటుంది.

ఎందుకంటే మోచేయి చాలా త్వరగా బిగుసుకుపోయే కీలు. పెద్దవాళ్ళలో మూడు వారాలు దాటి కట్టులోనే ఉంచితే, ఎముక చక్కగా అతికినా చెయ్యి పూర్తిగా చాచలేకపోవడం మామూలే. కాబట్టి కట్టయినా, తీగయినా, ప్లేటయినా, కృత్రిమ తలయినా ఒక్క ప్రశ్నతోనే తూచాలి: విరిగిన ముక్కలను జరగకుండా పట్టి ఉంచుతూ, కీలును త్వరగా కదలనిస్తుందా?

ముందు ఏ ఎముకో తెలియాలి

ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. చిటికెనవేలు వైపుది అల్నా, బొటనవేలు వైపుది రేడియస్. మోచేయి దగ్గర పెద్దరికం అల్నాది. బల్ల మీద మోచేయి ఆనిస్తే తగిలే గట్టి కొస ఒలెక్రానాన్. దానికి ఎదురుగా కీలు ముందువైపు పొడుచుకొచ్చిన చిన్న భాగం కొరొనాయిడ్. ఈ రెండింటి నడుమ ఉన్న గుంటలో, భుజం నుంచి దిగే హ్యూమరస్ ఎముక చివర తలుపు బందులా తిరుగుతుంది. పక్కనే రేడియస్ తల ఉంటుంది. గుండ్రంగా ఉండి తన చుట్టూ తాను తిరగడం దాని పని. తాళం తిప్పాలన్నా, అరచేతిలో నీళ్ళు పట్టాలన్నా అది తిరగాల్సిందే.

ఏది విరిగితే ఏ పని ఆగుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఒలెక్రానాన్‌కు జబ్బ వెనక కండరం (ట్రైసెప్స్) అతుక్కుని ఉంటుంది కాబట్టి అది విరిగి విడిపోతే చెయ్యి చాచే బలం పోతుంది. రేడియస్ తల విరిగితే అరచెయ్యి తిప్పేటప్పుడు మోచేయి బయటివైపు నొప్పి వస్తుంది. కొరొనాయిడ్ మోచేయి వెనక్కి జారిపోకుండా ఆపే అడ్డు. అది పెద్ద ముక్కగా పోతే కీలు తప్పుతుంది.

టైపు సంగతి చూసే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చర్మం తెగి ఎముక గాయంతో కలిసిందా? మణికట్టు దగ్గర నాడి అందుతోందా? వేళ్ళు, బొటనవేలు పైకి చాచగలుగుతున్నారా? చిటికెనవేలు తిమ్మిరెక్కిందా? నొప్పి మందు వేసినా నొప్పి గంటగంటకూ పెరుగుతూ, వేళ్ళను మెల్లగా చాచబోతేనే ముంజేయి లోపల విపరీతంగా నొప్పి వస్తుంటే, లోపలి వాపు కండరాలకు రక్తం అందనివ్వడం లేదేమోనని అనుమానించాలి. అప్పుడు కట్టు బిగువు సంగతి రేపు అడుగుదాం అనుకోకూడదు, ఆ గంటలోనే ఆసుపత్రికి చేరాలి. కీలు తప్పి ఉంటే దాన్ని ముందు గూట్లో కూర్చోబెట్టాలి. మిగతా చర్చ ఆ తర్వాతే.

ఎక్స్-రే కనీసం రెండు వైపుల నుంచి తీయాలి: ఎదురు నుంచి, పక్క నుంచి. పక్క నుంచి తీసిన దానిలో ఎముక విరిగిన గీత కనబడకపోయినా, హ్యూమరస్ వెనక నల్లటి కొవ్వు నీడ పైకి లేచి కనిపిస్తే కీలులో రక్తం చేరిందని అర్థం. పెద్దవాళ్ళలో అలాంటప్పుడు చాలాసార్లు దాగి ఉన్నది రేడియస్ తల ఫ్రాక్చరే. ఇంకొక గీత మీరే గీసి చూసుకోవచ్చు. రేడియస్ మెడ (తలకు కిందనే ఉన్న భాగం) మధ్య నుంచి పైకి ఒక గీత ఊహించుకోండి. అది ఏ కోణంలో తీసిన ఎక్స్-రేలోనైనా హ్యూమరస్ బయటివైపు ఉన్న గుండ్రటి కొసను తాకుతూ పోవాలి. పక్కకు తప్పిపోతే రేడియస్ తల గూడు తప్పినట్టే. ముక్కలు ఎక్కువగా ఉన్నా, కొరొనాయిడ్ మీద అనుమానం ఉన్నా సీటీ స్కాన్ అడగడంలో తప్పులేదు. ఆపరేషన్ ఎటువైపు నుంచి చేయాలో కూడా తరచుగా దానిలోనే తేలుతుంది.

రేడియస్ తల: ఎక్కువ వాదన ఇక్కడే

చెయ్యి చాచి నేల మీద పడినప్పుడు పెద్దవాళ్ళలో మోచేయి దగ్గర తరచుగా విరిగేది ఇదే. మేసన్ 1954లో చేసిన విభజననే ఇప్పటికీ వాడుతున్నారు. తర్వాత వచ్చినవాళ్ళు దానికి కొలతలు చేర్చారు. మొదటి రకంలో బీట ఉంటుంది కానీ ముక్క జరగదు, లేదా జరిగినా 2 మిల్లీమీటర్ల లోపే. రెండో రకంలో తలలో ఒక భాగం 2 మిల్లీమీటర్లకు మించి జరుగుతుంది. మూడో రకంలో తల మొత్తం ముక్కలవుతుంది. మోచేయి కీలు కూడా తప్పితే నాలుగో రకం అంటారు, దీన్ని 1962లో జాన్‌స్టన్ చేర్చారు.

చెప్పుకోవడానికి ఇది సులువు, ఎక్స్-రే మీద తేల్చడం అంత సులువు కాదు. ఒకే ఫిల్మును ఇద్దరు నిపుణులు చూసి ఒకరు ఒకటో రకం అని, ఇంకొకరు రెండో రకం అని అనడం కొత్తేమీ కాదు. అందుకే నా దృష్టిలో నంబరు కంటే విలువైన పరీక్ష ఒకటుంది. మోచేయి బయటివైపు చర్మాన్ని శుభ్రం చేసి, సూదితో కీలులో చేరిన రక్తాన్ని లాగేసి, అదే సూది గుండా మత్తు మందు ఎక్కిస్తారు. అంతవరకూ చెయ్యి కదపనివ్వని మనిషి కాసేపటికి కండరాలు వదులు చేస్తారు. అప్పుడు మోచేతిని సమకోణంలో ఉంచి అరచెయ్యిని పైకి, కిందికి తిప్పి చూస్తారు. సాఫీగా తిరిగితే అంతకుముందు ఆపింది నొప్పే. ఒకచోట టక్కుమని ఆగిపోయి ఇక ముందుకు పోకపోతే విరిగిన ముక్క అడ్డుపడుతోంది. ఈ తేడాతోనే చాలామంది విషయంలో ఆపరేషన్ కావాలో వద్దో తేలిపోతుంది.

మొదటి రకానికి ఆపరేషన్ ఊసే అక్కర్లేదు. ఓ వారం లోపు స్లింగ్, నొప్పి తగ్గగానే కదిలించడం, అంతే. దీనికి నెల రోజుల పిండికట్టు వేస్తామంటే ఎందుకని అడగండి. వెయ్యని కట్టు వల్ల కంటే వేసిన కట్టు వల్లే ఇక్కడ నష్టం ఎక్కువ.

రెండో రకం దగ్గరే అభిప్రాయాలు చీలతాయి. అడ్డు లేకుండా తిరుగుతూ, లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు) బాగుండి, ఈ ఒక్క ఎముకే విరిగి ఉంటే ఆపరేషన్ లేకుండా త్వరగా కదిలించిన వారిలో ఎక్కువమంది బాగానే కోలుకుంటారు. స్క్రూలు వేస్తే ఎక్స్-రేలో ఎముక అందంగా కనిపిస్తుంది. కానీ కీలు తెరిచినందుకు బిగుతు, ఇన్ఫెక్షన్, వేళ్ళు చాచే నరానికి దెబ్బ తగిలే ప్రమాదం వెంట ఉంటాయి. ఇలాంటివాళ్ళకు నేనైతే ఆపరేషన్ లేని దారే ముందు చెబుతాను. అడ్డుపడే ముక్క ఉన్నా, కీలు అస్థిరంగా ఉన్నా మాట మారుతుంది, అప్పుడు స్క్రూలు వేయడమే మేలు. ప్లేటు వేయాల్సి వస్తే తల చుట్టూ ఎక్కడపడితే అక్కడ పెట్టడం కుదరదు. పక్కనున్న అల్నాకు రాసుకోని భాగం చుట్టుకొలతలో మూడో వంతు కంటే తక్కువే, సుమారు 90 నుంచి 110 డిగ్రీలు.

మూడో రకంలో దారులు మూడు: అతికించడం, కృత్రిమ తల పెట్టడం, తలను తీసేయడం. ముక్కలు రెండు మూడే అయి, ఎముక గట్టిగా ఉంటే అతికించే ప్రయత్నం చేయొచ్చు. మూడు దాటితే అతికించినవి విడిపోవడం, అతకకపోవడం ఎక్కువవుతుందని సర్జన్లకు అనుభవం నేర్పింది. అప్పుడు లోహపు తల పెట్టడం నమ్మకమైన దారి. దాన్ని సరైన పొడవులో పెట్టడమే సర్జన్ నేర్పు. కాస్త పొడవెక్కువైనా ఎదురుగా ఉన్న మృదులాస్థి అరిగి, చెయ్యి వంగడం తగ్గుతుంది. వయసులో ఉన్నవాళ్ళకు ఇది ఏళ్ళ తరబడి లోపల ఉండాల్సిన వస్తువు కాబట్టి, వదులయ్యే అవకాశం గురించి ముందే మాట్లాడుకోవాలి.

తలను తీసేసి వదిలేయడం పాత పద్ధతి. అయితే పాతదైనంత మాత్రాన తప్పు కాదు. పెద్ద వయసు, తక్కువ పని, లిగమెంట్లు గట్టిగా ఉన్న చెయ్యి అయితే పనికొస్తుంది. కానీ దీనికి ముందు మణికట్టును పరీక్షించి తీరాలి. రేడియస్ తల విరిగిన దెబ్బే రెండు ఎముకల నడుమ ఉన్న పొరను కూడా చింపుకుంటూ మణికట్టు దాకా పోయి ఉండవచ్చు. 1951లో ఎసెక్స్-లోప్రెస్టి వివరించిన గాయం ఇది. ఆ చేతిలో తల తీసేస్తే రేడియస్ మెల్లగా పైకి జరిగి మణికట్టు నొప్పి స్థిరపడిపోతుంది, దాన్ని తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. మోచేయి దెబ్బకు వెళ్ళినా "మణికట్టు కూడా నొప్పిగా ఉంది" అని తప్పకుండా చెప్పమనేది ఇందుకే.

ఒలెక్రానాన్: తీగా, ప్లేటా, ఏమీ వద్దా

దీన్ని పోల్చుకోవడం సులువు. చర్మం కిందే ఉండే ఎముక కాబట్టి మోచేయి వెనక వేలితో తడిమితే ముక్కల మధ్య సందు తగులుతుంది. చెయ్యిని తల మీదికి ఎత్తించి, అక్కడి నుంచి మోచేయి చాచమంటారు. బరువుకు ఎదురుగా చాచగలిగితే కండరం పట్టు ఇంకా ఉన్నట్టు. ముంజేయి తల వెనక్కి పడిపోతుంటే పట్టు తెగినట్టు.

మేయో క్లినిక్ పేరుతో ఉన్న విభజన ఇక్కడ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే అది చికిత్స అడిగే ప్రశ్నల్నే అడుగుతుంది. జరిగిందా? ముక్కలు చాలా ఉన్నాయా? కీలు నిలకడగా ఉందా? జరగనిది ఒకటో రకం. జరిగినా కీలు నిలకడగా ఉంటే రెండో రకం, ఎక్కువగా కనిపించేది ఇదే. కీలు కూడా అస్థిరమైతే మూడో రకం. ప్రతి దానిలోనూ ముక్కలు తక్కువైతే ఎ, ఎక్కువైతే బి.

జరగని ఫ్రాక్చరుకు రెండు మూడు వారాలు స్లాబ్ (ఒక వైపే ఉండే పిండికట్టు) వేసి, తర్వాత మెల్లగా కదిలిస్తారు. ఓ వారం పది రోజులకు మళ్ళీ ఎక్స్-రే తీసి ముక్క జరగలేదని చూసుకోవాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చేత్తో నొక్కి లేవడం మాత్రం ఎముక అతికేదాకా మానాలి.

జరిగిన వాటిలో, గీత అడ్డంగా ఒకటే ఉంటే తీగ కట్టే పద్ధతి ఉంది. రెండు సన్నటి కడ్డీలు గుచ్చి, ఎనిమిది అంకె ఆకారంలో వైరు బిగిస్తారు. కండరం లాగే బలాన్నే ముక్కలను దగ్గరికి నొక్కే బలంగా మార్చడం దీని వెనక ఉన్న ఆలోచన. అది జరగాలంటే కీలు వైపున్న ఎముక దన్నుగా నిలబడాలి. అటువైపు నుజ్జయి ఉంటే, తీగ బిగించేకొద్దీ గుంట ఇరుకైపోతుంది. అలాంటప్పుడు ప్లేటే సరైనది. గీత ఏటవాలుగా ఉన్నా, గుంట మధ్య దాటి కిందికి పోయినా, కీలు అస్థిరంగా ఉన్నా ప్లేటే.

అడ్డంగా విరిగిన మామూలు ఫ్రాక్చరుకు రెండూ పనిచేస్తాయి. 2017లో ఎడిన్‌బరో వైద్యులు ఈ రెండింటినీ పోల్చి ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి చేతి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా వచ్చింది లోపలి లోహం విషయంలో. చర్మం కింద గుచ్చుకుంటోందనో మరోలానో దాన్ని తీయించుకోవాల్సి వచ్చినవారు తీగ వైపు సగం మంది, ప్లేటు వైపు సుమారు ఐదింట ఒక వంతు. ప్లేటు ఖరీదెక్కువ, ఇన్ఫెక్షన్ వస్తే తలనొప్పీ ఎక్కువే. తీగ చౌక, కానీ తీయించుకోవడానికి మళ్ళీ ఆపరేషన్ థియేటరుకు వెళ్ళాల్సి రావచ్చని ముందే మనసులో పెట్టుకోవాలి.

ఇక డెబ్భై అయిదు దాటిన పెద్దల సంగతి. ఎక్స్-రేలో ఎముక రెండుగా విడిపోయి కనిపిస్తుంటే ఆపరేషన్ వద్దంటే పిల్లలు ఒప్పుకోరు. నాన్నగారిని పట్టించుకోలేదని బంధువులు అంటారేమోనన్న బెంగ కూడా ఉంటుంది. కానీ చేత్తో బరువు పనులు చేయని పెద్దల్లో, కీలు నిలకడగా ఉన్నంతవరకూ, కొద్ది రోజులు స్లింగ్‌లో ఉంచి నొప్పిని బట్టి కదిలిస్తే చాలామంది రోజువారీ పనులకు సరిపడా చెయ్యి సంపాదించుకుంటారు. ఎముక ఎముకతో కలవకపోయినా సరే. ఇదే ఎడిన్‌బరో బృందం 75 ఏళ్ళు, ఆపైన ఉన్నవారిలో ఆపరేషన్‌నూ స్లింగ్‌నూ పోల్చబోయి, ఆపరేషన్ వైపు ఇబ్బందులు మరీ ఎక్కువ కావడంతో పరీక్షను మధ్యలోనే ఆపేసింది. వాళ్ళ ఎముక మెత్తన, చర్మం పల్చన. కడ్డీలు ఊడిరావడం, పుండు మానకపోవడం ఆ వయసులో చిన్న విషయాలు కావు.

చిన్న ముక్కను చిన్నచూపు చూడొద్దు

కొరొనాయిడ్‌ను గతంలో ఎత్తును బట్టి లెక్కపెట్టేవారు: కొస మాత్రమే, సగం లోపు, సగానికి మించి. 2003లో ఓడ్రిస్కాల్ చేసిన విభజన, ముక్క ఎంత పెద్దదన్నదానితో పాటు ఎక్కడిదన్నదీ చూసింది. లోపలి వైపు అంచు విరిగితే ముక్క గోరంతే ఉంటుంది, ఎక్స్-రేలో కనిపించకనే పోవచ్చు. అయినా కీలు ఒక పక్కకు ఒరిగి త్వరగా అరిగిపోతుంది. కొస చిన్నగా విరిగి కీలు గట్టిగా ఉంటే మాత్రం ఏమీ చేయక్కర్లేదు.

మోచేయి తప్పడం, రేడియస్ తల విరగడం, కొరొనాయిడ్ విరగడం మూడూ ఒకేసారి జరిగితే దాన్ని భయంకర త్రయం అంటారు. పేరు పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ఓపిక పట్టదగినదే, కలిస్తే కట్టులో ఉండగానే కీలు మళ్ళీ జారిపోవచ్చు. చాలామందికి ఆపరేషనే దారి: కొరొనాయిడ్ కుట్టడం లేదా బిగించడం, రేడియస్ తలను అతికించడం లేదా మార్చడం, బయటివైపు లిగమెంటును తిరిగి ఎముకకు కుట్టడం. ఈ గాయంలో తలను తీసేసి వదిలేయకూడదు. ఇలాంటి మోచేతులను తరచుగా చూసే సర్జన్ దగ్గరికి వెళ్ళడానికి కాస్త దూరమైనా ఫరవాలేదు.

అల్నా విరిగి, రేడియస్ తల గూడు తప్పే గాయాన్ని 1814లో మాంటెజియా వర్ణించారు, ఎక్స్-రే పుట్టడానికి ఎనభై ఏళ్ళ ముందు. 1967లో బాడో, తల ఎటు తప్పిందన్నదాన్ని బట్టి నాలుగు రకాలు చేశారు: ముందుకు, వెనక్కి, పక్కకు, రెండు ఎముకలూ విరిగి తల ముందుకు. పెద్దవాళ్ళలో ఇక్కడ ఎంపిక పెద్దగా లేదు, అల్నాకు ప్లేటు వేయాలి. అల్నా పొడవు, వంపు సరిగ్గా కూర్చుంటే రేడియస్ తల సాధారణంగా దానంతటదే గూట్లోకి వస్తుంది. రాకపోతే ముందు అనుమానించాల్సింది అల్నా సరిగ్గా కుదిరిందా అన్నదాన్నే.

పిల్లలకు లెక్క వేరు

పిల్లల మోచేయి కట్టులో మూడు వారాలున్నా తిరిగి బాగానే వదులవుతుంది. వంకర కొంతవరకూ పెరుగుదలలో సర్దుకుంటుంది. పిల్లల్లో విరిగేది ఎక్కువగా రేడియస్ తల కాదు, దాని కింది మెడ. ఒరుగు 30 డిగ్రీల లోపైతే కట్టుతో సరి. అంతకు మించితే మత్తులో చేత్తో సరిచేస్తారు, అది కుదరకపోతే సన్నటి కడ్డీ సాయంతో. కోసి తెరవడం ఆఖరి మాట. ఎదిగే పిల్లల్లో రేడియస్ తలను తీసేయరు.

పిల్లల్లో మాంటెజియా దాగుడుమూతలాడుతుంది. అల్నా విరగకుండా కేవలం వంగి ఉంటుంది, అందరి చూపూ దాని మీదే ఉంటుంది, తప్పిన రేడియస్ తలను ఎవరూ గమనించరు. పైన చెప్పిన గీత ఇక్కడ చెయ్యిని కాపాడుతుంది. మొదట్లోనే పట్టుకుంటే సరిచేసి కట్టు వేయడం చాలాసార్లు సరిపోతుంది, నెలలు గడిస్తే పెద్ద ఆపరేషన్ అవుతుంది. రెండో మాట: పిల్లల ఎముకల కొసలు ఒక్కో వయసులో ఒక్కొక్కటి గట్టిపడుతూ కనిపిస్తాయి. రేడియస్ తల అయిదో ఏట అటూ ఇటూగా, ఒలెక్రానాన్ తొమ్మిది పది ఏళ్ళప్పుడు. ఆ గీతలను ఫ్రాక్చరనుకునే వీలుంది. అనుమానముంటే బాగున్న చేతికి కూడా ఎక్స్-రే తీసి పక్కన పెట్టి చూస్తారు.

ఏ దారి ఎంచుకున్నా, ఆ తర్వాత

కదలిక మీ చేతి కండరాలతో మీరే తెచ్చుకోవాలి. ఇంకొకరు పట్టుకుని బలంగా వంచడం, మసాజ్ పేరుతో పిసకడం వద్దు. దెబ్బతిన్న మోచేయి చుట్టూ కండరంలో కొత్త ఎముక పుట్టుకొచ్చే అవకాశం ఉంది, బలవంతం దాన్ని పెంచుతుందన్న భయం ఉంది. ఎముక ఓ మాదిరి అతకడానికి ఆరు వారాలు, బరువులెత్తడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. చివరి పది పదిహేను డిగ్రీల చాపు రాకపోయినా కంగారు పడొద్దు. ఎక్కువ పనులకు 30 నుంచి 130 డిగ్రీల వంపు, అరచెయ్యి ఇటు 50, అటు 50 డిగ్రీలు తిరిగితే చాలని 1981లోనే కొలిచారు. ఫోను చెవికి ఆనించడానికి మాత్రం ఇంకాస్త ఎక్కువ వంగాలి.

డాక్టరు గదిలో అడగాల్సినవి మూడే. కీలు నిలకడగా ఉందని ఎలా తేల్చారు? ఆపరేషన్ చేయకపోతే నాకు ఏ కదలిక తగ్గుతుంది, చేస్తే ఏ ప్రమాదం పెరుగుతుంది? ఎన్నో రోజున చెయ్యి కదపడం మొదలుపెడతాను? జవాబులు తృప్తినివ్వకపోతే ఇంకొకరిని అడగడానికి సమయం ఉంటుంది. తెరిచిన గాయం, గూట్లో కూర్చోకుండా ఉండిపోయిన కీలు, నరానికో రక్తనాళానికో దెబ్బ లేకపోతే ఈ ఆపరేషన్లు కొద్ది రోజులు ఆగగలవు. వాపు తగ్గడం కోసం సర్జన్లే ఆగుతారు కూడా. అయితే రెండు మూడు వారాలు దాటనివ్వకండి, ఆపైన ముక్కలు ఉన్నచోటే అతుక్కోవడం మొదలై పని కష్టమవుతుంది.